రూపకల్పన, చేతిరాత

డైరీల అట్టపెట్టెలు వచ్చిన పొద్దున జ్ఞానకుమారి ఎప్పటిలాగే కిటికీ దగ్గర కూర్చుని ట్రిప్పు షీట్లు రాస్తోంది. ఒక్కో షీటు కింద రెండు కార్బన్లు. బాల్‌పెన్నును గట్టిగా ఒత్తితే తప్ప అడుగు కాపీలో అంకెలు పడవు. లారీ నంబరు, డ్రైవరు పేరు, గని పేరు, టన్నులు, చేరవలసిన రేవు. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికి వస్తుంది, షీటు అందుకుని పోతుంది. వెనకే ఇంకో చెయ్యి. ఆ చేతులన్నిటిదీ ఒకటే రంగు. బళ్లారిలో ఆ రోజుల్లో అన్నిటిదీ అదే రంగు. రోడ్డుదీ, రోడ్డు పక్క వేపాకుదీ, మిద్దెల మీద ఆరేసిన పంచెలదీ. కొండల్లోంచి ఇనుప మన్ను దిగేకొద్దీ ఊరు ఎర్రబడుతూ వచ్చింది.

"జల్దీ రాయక్కా. తోరణగల్లు కాడ జామ్ అయితే పొద్దుపోతాది" అన్నాడు డ్రైవరు గాళెప్ప.

"రాస్తాండా గదప్పా. నాకుండేది ఒక చెయ్యే" అంది ఆమె తల ఎత్తకుండా.

టీలు కాచి ఆఫీసు ఊడ్చే నింగమ్మ, కూరగాయల కత్తితో అట్టపెట్టె నెత్తిన చీల్చింది. కొత్త కాగితం వాసన గదంతా కమ్ముకుంది. మేనేజరు రాఘవేంద్ర ఒక్కొక్కరి బల్ల మీదా ఒక్కో డైరీ పెట్టుకుంటూ వచ్చాడు.

"ఈ ఏడు సారు హైదరాబాదులో కొట్టించినారు. పేపరు చూడండి, పట్టుబట్ట మాదిరి ఉండాది."

జ్ఞానకుమారి గాళెప్పను పంపించి, వేళ్లకంటిన కార్బన్ మరకను చీర కొంగుకు తుడుచుకుని, డైరీ తెరిచింది. కుంకుమరంగు అట్ట, అంచున బంగారు గీత. పేజీ తిప్పగానే 'జనవరి' కనబడింది. తెలిసిన మనిషి తెలియని ఊళ్లో ఎదురైనట్టయింది ఆమెకు. జకారం చివర ఆమె తిప్పే సన్నటి మెలిక, నకారం నెత్తిన కొంచెం ఎడంగా పెట్టే తలకట్టు. ఫిబ్రవరిలో క్రావడి బకారాన్ని కింది నుంచి చంకన ఎత్తుకున్నట్టు చుట్టుకుని ఉంది. ఆమె గబగబా పేజీలు తిప్పింది. మే నెలకు ఒక్కటే అక్షరం, పేజీ నిండా. ఇంట్లో తన డైరీలో అది రాసేటప్పుడు కాగితపు పోగు తగులుకుని పాళీ చిట్లింది. పడిన సిరాచుక్కకు ఆమె కాళ్లు గీసి చీమను చేసింది. ఆ చీమ కూడా అచ్చయింది, బంగారు రంగులో.

మొదట ఆమెకు కలిగింది సంతోషమే. చెవులు వేడెక్కాయి. పక్కసీటు ఆయనకు చూపిద్దామని చెయ్యి చాపింది కూడా. చాపిన చెయ్యి అలాగే ఉంచి, ఎందుకో మొదటి పేజీకి వెళ్లింది. పేజీ మధ్యలో చిన్న అచ్చు అక్షరాలతో ఒక వరుస ఉంది.

'రూపకల్పన, చేతిరాత: శ్రీమతి ఉష.'

ఉష అంటే ఈ లారీల యజమాని చెన్నకేశవరావు కోడలు. దీపావళి పూజకు ఆఫీసుకు వచ్చినప్పుడు జ్ఞానకుమారి బల్ల మీద ఆమె సొంతంగా కుట్టుకున్న డైరీ చూసి, "అబ్బ, ఇది మీరే రాశారాండీ? ఒకసారి ఇంటికి తీసుకెళ్లి చూసుకోవచ్చా?" అని అడిగింది. కొన్ని వారాలు ఉంచుకుని, కాజాల పెట్టెతో సహా తిరిగి పంపింది. తన రాతను అంత ఇష్టంగా అడిగిన మనిషి అంతకుముందు లేదు కనుక, ఆ కాజాలు తిన్నన్నాళ్లూ జ్ఞానకుమారి లోలోపల పొంగిపోయింది.

"ఛంద ఐతి గదక్కా?" అంది నింగమ్మ ఆమె భుజం మీదుగా వంగి చూస్తూ.

"ఛందంగుండాది నింగమ్మా" అని జ్ఞానకుమారి డైరీ మూసి సొరుగులో పెట్టింది. కిటికీలోకి ఇంకో చెయ్యి వచ్చింది. ఆమె బాల్‌పెన్ను తీసుకుంది.

సత్యనారాయణపేటలో వాళ్లది రెండు గదుల ఇల్లు. సాయంత్రం ఇల్లు చేరగానే ఆమె చేతులు కడుక్కుంటుంది, ముందు సబ్బుతో, తర్వాత శనగపిండితో. అయినా అరచేతి గీతల్లో కాస్త ఎరుపు ఉండిపోతుంది. కిటికీ మూసి, సందుల్లో తడిబట్ట కుక్కి, కుట్టుమిషను బల్ల మీద తెల్లకాగితం పరుస్తుంది. దుమ్ము సిరాలో పడిందంటే పాళీ గొంతు పూడుకుపోతుంది.

పాళీలుండేది పాత బిస్కెట్ల డబ్బాలో. సూదిమొనలవి, కొస వాలుగా కోసినవి, అగ్గిపుల్లంత వెడల్పువి. బ్రూస్‌పేటలో స్కూలు పుస్తకాలమ్మే హంపన్న ఆమె కోసం వాటిని చెన్నై నుంచి తెప్పిస్తాడు. "ఈ ఊర్ల అందరూ లారీలు కొంటాండారు, నువ్వొక్కదానివే పాళీలు కొనేది" అని ప్రతిసారీ నవ్వుతాడు, నవ్వుతూనే కొత్తగా వచ్చిన సిరాసీసా మూత తీసి చూపిస్తాడు. నలుపు, కాఫీ రంగు, నెమలికంఠం రంగు. ఒక్కో సీసా కొన్న రోజు ఆమె ఆటో ఎక్కకుండా నడిచి ఇంటికి వస్తుంది. ఆ రంగుతో ఏ నెల రాయాలో ఆలోచించుకోవడానికి ఆ నడక కావాలి.

ఏటా తన డైరీ తానే చేసుకుంటుంది. మందపాటి కాగితాలకు పెన్సిలుతో గీతలు కొట్టి, వారాలుగా విడదీసి, దబ్బనంతో కుడుతుంది. అందులో రాసే సంగతులు పెద్దవేమీ కావు. గ్యాసు ఎప్పుడు బుక్ చేసిందీ, భర్త స్టీవెన్‌ బీపీ మాత్రలు ఎప్పటికి అయిపోతాయో, చర్చి స్త్రీల సమాజం కూటం ఈసారి ఎవరింట్లోనో. సంగతి ఎంత చప్పనిదైనా రాత చప్పగా ఉండకూడదని ఆమె పంతం. 'కందిపప్పు తేవాలి' అన్నదానికి కూడా తలకట్లు తీరుగా పడాలి. మంగళవారం సంత అయితే పక్కన ఒక వంకాయ ఉండాలి, దాని తొడిమకు ముల్లుండాలి. పాళీ పైకి పోతే సన్నగీత, కిందికి వస్తే లావుగీత. దీర్ఘం లాగేటప్పుడు ఊపిరి దానంతటదే ఆగుతుంది, గీత ముగిశాక మెల్లగా బయటికి వస్తుంది. రోజుకు ఒక గంట. ఆ గంటలో ఆమెను ఎవరూ జల్దీ అనరు.

కొత్త ఏటి డైరీలో ఆగస్టు దాకా వచ్చింది. ఆ సాయంత్రం పాళీ ముంచి 'సెప్టెంబరు' మొదలుపెట్టింది. సకారం రాసి ఆగింది. సొరుగులోంచి ఇంటికి తెచ్చిన అచ్చు డైరీ పక్కనే ఉంది. దాన్ని తెరిచి చూసింది. అదే సకారం. అచ్చుదాన్ని ముందు పెట్టుకుని తాను కాపీ కొట్టినట్టుంది. ఎత్వం మార్చి, ఒంపు తగ్గించి ఇంకో కాగితం మీద రాసి చూసింది. అప్పుడది ఎవరిదో అయింది. తన అక్షరం తనకే ఎంగిలి అనిపించింది. ఆమె పాళీని గుడ్డతో తుడిచి డబ్బాలో పడుకోబెట్టింది.

స్టీవెన్ లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ఇంటికి వచ్చేసరికి అతని కళ్లు చింతనిప్పుల్లా ఉంటాయి. మొహం కడుక్కుని వచ్చి, బల్ల మీది డైరీ చూసి, తడిచేతులు బనీనుకు తుడుచుకుని మరీ తెరిచాడు.

"కుమారీ! ఇవి నీ అక్షరాలే గదా! చీమ చూడు, నీ చీమ!"

"ముందు పేజీ చూడు."

అతను చూశాడు. పెదాలు కదుపుతూ చదివాడు.

"ఎవరీ ఉష?"

"సారు కోడలు."

"ఆయమ్మ రాసిందా ఇది?"

"లేదు."

"మరి పోయి అడుగు."

"ఏమని అడిగేది? అక్షరాలు ఎత్తకపోయినారని స్టేషన్లో కంప్లైంటు ఇయ్యమంటావా?"

స్టీవెన్ డైరీని టీవీ మీద పెట్టాడు, మళ్లీ ఏమనుకున్నాడో తీసి బీరువా మీద పెట్టాడు. అన్నం తినేటప్పుడు, "నీ పేరుంటే మా షెడ్డులో చూపించేవాణ్ని" అన్నాడు, పచ్చడి కలుపుకుంటూ.

కొత్త సంవత్సరం పొద్దున చర్చిలో ఆరాధన ముగిశాక ఆడవాళ్లు వేపచెట్టు కింద నిలబడి కేకు తింటున్నారు. సండేస్కూల్లో పాఠాలు చెప్పే క్రిస్టీ చంకలో ఆ కుంకుమరంగు డైరీ పెట్టుకుని ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"కుమారక్కా, ఇది చూసినారా? మా ఆయన పని చేసే బ్యాంకుకు వచ్చింది. ఈ మే నెల చూడండి. చీమ అక్కా, చీమ! ఏం ఊహ ఆయమ్మకు!"

చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూశారు. ఒకామె చీమ మీద వేలు పెట్టింది. పెద్దింటి కోడలై ఉండి ఇంత ఓపికా అని ఇంకొకామె ఆశ్చర్యపోయింది.

"మీకు ఇట్లాంటి రాతపని ఇష్టం గదక్కా. ఇది ఎదురుగా పెట్టుకుని రోజూ ప్రాక్టీసు చేయండి. మీ చెయ్యి కూడా బాగా తిరుగుతాది" అంది క్రిస్టీ. ఆ పిల్ల మాటలో ఎకసెక్కెం లేదు, ఉన్నదంతా ప్రేమే.

"ఆఁ, చేస్తాలే క్రిస్టీ" అంది జ్ఞానకుమారి. చేతిలో మిగిలిన కేకు ముక్కను కాగితంలో చుట్టేసింది.

ఇంటికి నడుస్తుంటే ఏడుపు రాలేదు. వట్టి అలసట, పిక్కల నుంచి నడుము దాకా. లారీలు పోయిపోయి గుంతలు పడిన రోడ్డు పక్కన ఒకచోట ఆగి, కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. స్టీవెన్ నాలుగడుగులు ముందుకు పోయి, వెనక్కి చూసి, తనూ ఆగాడు.

మర్నాడు ఆఫీసులో కిటికీ దగ్గర జనం పలచబడ్డాక రాఘవేంద్ర ఒక దొంతర డైరీలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పైన బంగారు సిరా సీసా.

"అక్కా, ఇవి పెద్దోళ్లకు పోవల్ల. మొదటి పేజీలో ఒక్కొక్కరి పేరు రాసియ్యి. నీ చెయ్యి బాగుంటాది గదా, సారే చెప్పినారు."

"ఏ పేజీలో?"

"ఇదో, ఈడ. ఉషమ్మ పేరు కింద జాగా ఉండాది చూడు."

జ్ఞానకుమారి ఆ జాగా చూసింది. నున్నటి తెల్లటి జాగా, రాస్తే సిరా పాకదు, పాళీ జారిపోతుంది. అలాంటి కాగితం మీద రాయాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. ఆమె సిరాసీసాను ఎత్తి డైరీల మీద నుంచి పక్కన పెట్టింది.

"నేను రాయను రాఘవేంద్రప్పా."

"ఏంది?"

"ట్రిప్పు షీట్లు ఎన్ని చెప్పినా రాస్తా. ఇవి రాయను. లోపలుండేది నా రాత. పేరేమో వేరేవాళ్లది. ఆ పేరు కింద కూర్చుని నేను మళ్లీ రాసేది ఎట్ల?"

రాఘవేంద్ర అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

"నాకు తెలీదనుకున్నావా అక్కా? పెట్టె ఇప్పిన పొద్దే గుర్తుపట్టినా. ఇన్నేండ్ల నుంచి నీ బల్ల మీద చూస్తాండా. కానీ ఇది సారు ఇంటి మాట. సుమ్నే ఉండు, ఊరుకో. రెండు పేర్లు రాసేస్తే అయిపోయె."

"రాయను."

"సారుకు నేనేం చెప్పల్ల?"

"రాయనన్నానని చెప్పు."

ఆ మాట తన గొంతులోంచే వచ్చిందా అని ఆమెకు అనుమానం కలిగింది. టీ గ్లాసుల పళ్లెంతో నిలబడిన నింగమ్మ, ముందుగా జ్ఞానకుమారి బల్ల మీదే గ్లాసు పెట్టి, తర్వాత మేనేజరుకు ఇచ్చింది.

మధ్యాహ్నం క్యారియరు కడుక్కుని వచ్చేసరికి కబురు రెడీగా ఉంది. రాఘవేంద్ర ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"సోమవారం నుంచి నువ్వు యార్డుకు పోవల్లంట అక్కా. సారు ఫోన్లో చెప్పేసినారు. నేనేం చేసేది చెప్పు."

యార్డు అంటే ఊరి బయట మన్ను కుప్పలు పోసే బయలు. ఒక రేకుల షెడ్డు, ఒక తూకం, పగలంతా లారీలు దించే దుమ్ము. అక్కడ పని చేసేవాళ్లు కనురెప్పల మీద ఎరుపుతో తిరుగుతారు. జ్ఞానకుమారి తల ఊపి కిటికీ వైపు కుర్చీ తిప్పుకుంది.

ఆ సాయంత్రమే ఉష వచ్చింది. సందులోకి కారు పట్టదు. మొగలో దిగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, గుంతలు దాటుకుంటూ నడిచి వచ్చింది. స్టీవెన్ గబగబా చొక్కా తొడుక్కుని, కుర్చీ దులిపి వేశాడు. ఆమె కూర్చోలేదు. కుట్టుమిషను బల్ల వైపు చూస్తూ నిలబడింది. బల్ల మీద మూత పెట్టిన బిస్కెట్ల డబ్బా ఉంది.

"ఇక్కడే రాస్తారాండీ?"

"ఈడనే."

"యార్డు సంగతి ఇప్పుడే తెలిసింది. నా పేరు అలా వేయిస్తున్నారని నాకు..." అని మొదలుపెట్టి ఆగింది. ఆమెకు ముప్ఫై కూడా ఉండవు. చేతి గాజులు పైకి తోసుకుంది, అవి మళ్లీ జారాయి. "తెలీదని చెబుదామనే బయల్దేరానండీ. అబద్ధం. ప్రూఫు నాకు చూపించారు. నేను వద్దనలేదు."

జ్ఞానకుమారి గోడకు ఆనుకుని వింటోంది.

"గేటు మీద మామగారి పేరు. లారీల మీద మా ఆయన పేరు, మా బాబు పేరు. మా పుట్టిల్లున్న ఆంధ్రా రైతుల క్యాంపులో మా నాన్న పొలం గట్టు మీద బోరుషెడ్డు కడితే దాని మీద నా పేరు రాయించారు, అదే ఆఖరు. అచ్చులో చూసేసరికి బాగనిపించింది. ఎవరి రాత అన్నది ఆ నిమిషం తోచలేదు. తోచినా, పక్కకు నెట్టేశాను."

స్టీవెన్ టీ కోసం వంటింట్లోకి పోబోయి గుమ్మంలోనే నిలబడ్డాడు. జ్ఞానకుమారికి వారం నుంచీ లోపల కూడబెట్టుకున్న మాటలు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా ఇప్పుడు పనికొచ్చేలా లేదు. ఎదురుగా నిలబడి తప్పు ఒప్పుకునే మనిషి మీద వాటిని విసరాలంటే కూడా ఓపిక ఉండాలి.

"యార్డుకు వెళ్లక్కర్లేదు, మామగారిని నేను ఒప్పిస్తాను" అంది ఉష, ఈసారి తొందరగా. "అసలు ఆ షీట్ల పనే మానేయండి. మా ఇంటి పక్కన ఆఫీసులో ఒక ఏసీ గది ఖాళీగా ఉంది. శుభలేఖలు, గ్రీటింగు కార్డులు, వచ్చే ఏటి డైరీ, అన్నీ మీరే రాయొచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీకిష్టమైన పనే. మీ పేరే వేయిద్దాం. మొదటి పేజీలో, పెద్దగా."

స్టీవెన్ గుమ్మంలోంచి ఒక అడుగు ఇవతలికి వచ్చాడు.

జ్ఞానకుమారి ఆ గదిని ఊహించుకుంది. చల్లటి గది, దుమ్ము లేని బల్ల, నున్నటి కాగితం. రాఘవేంద్ర దొంతరలు తెచ్చి పెడుతుంటాడు. ఎమ్మెల్యే పేరు, కాంట్రాక్టరు పేరు, వాళ్ల కూతుళ్ల పెళ్లి పేర్లు, అన్నీ బంగారు సిరాతో, అన్నీ సాయంత్రంలోగా. తర్వాత ఇంటికి వస్తుంది. చేతులు కడుక్కుంటుంది. డబ్బా మూత తీస్తుందా? తియ్యదు. ఆ సంగతి ఆమెకు తన ఆకలి తెలిసినంత స్పష్టంగా తెలిసింది.

"వద్దమ్మా."

"ఎందుకండీ?"

"పొద్దంతా అదే రాస్తే సాయంత్రానికి నాకేం మిగుల్తాది? షీట్లు రాసేది బతికేదానికి. ఇది నాది. యార్డు అయితే యార్డే. ఇంటికొచ్చి దుమ్ము కడుక్కుంటే చెయ్యి నాదే ఐతాది."

ఉషకు అర్థమైందో లేదో తెలియలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నా పేరు వెయ్యొద్దండి. మీ పేరు తీసెయ్యండి."

"అచ్చయిపోయాయి కదండీ."

"పోయినవి పోయినాయి. ఉండేవాటి మీద పెన్నుతో ఒక గీత కొడితే చాలు."

ఉష టీ తాగకుండానే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి, సందులో నడిచి వెళ్లిపోయింది. ఆమె కారు స్టార్టయిన చప్పుడు వినబడేదాకా భార్యాభర్తలు కదల్లేదు.

"ఏసీ గది అనింది" అన్నాడు స్టీవెన్.

"విన్నా."

తలుపు తీసి ఉంచినందుకు గదిలోకి దుమ్ము వచ్చింది. కిటికీ సందులోంచి ఊడిపడిన గుడ్డను అతను తీసుకుని, కుండలో ముంచి, పిండి, మళ్లీ కుక్కాడు. తర్వాత బల్ల మీద చేత్తో ఒకసారి తుడిచి చూసుకున్నాడు.

శనివారం కిటికీ దగ్గర ఆమె ఆఖరి రోజు. తన గ్లాసు, పాత డైరీ, కళ్లజోడు డబ్బా సంచిలో సర్దుకుని, షీట్లు ముందు వేసుకుంది. పది గంటలప్పుడు ఉష ఆఫీసులోకి వచ్చింది. ఎవరినీ పలకరించకుండా గోడవారన ఉన్న ఖాళీ బల్ల దగ్గర కూర్చుని, మిగిలిన డైరీలన్నీ తెమ్మని నింగమ్మకు చెప్పింది. చేతిసంచిలోంచి నల్ల సిరా, ఒక స్కేలు, కొత్తగా కొన్న పాళీకాడ తీసింది. హంపన్న అంగడి కాగితం ఇంకా దానికి చుట్టే ఉంది.

మొదటి డైరీ తెరిచి, తన పేరు మీద స్కేలు పెట్టి, గీత కొట్టింది.

రాఘవేంద్ర కుర్చీలోంచి లేచాడు. "ఉషమ్మా, ఏం చేస్తాండారు? సారుకు తెలిస్తే..."

"తెలుసండీ. నిన్ననే చెప్పాను."

"సారు ఒప్పుకున్నారా?"

"లేదు" అంది ఆమె, రెండో డైరీ తెరుస్తూ.

రాఘవేంద్ర సెల్‌ఫోను చేతిలోకి తీసుకున్నాడు, నంబరు నొక్కకుండానే బయటికి పోయి మెట్ల మీద నిలబడ్డాడు. ఆఫీసులో అందరూ తలలు వంచుకుని పని చేస్తున్నట్టు కూర్చున్నారు. జ్ఞానకుమారి కూడా అంతే. గెలిచినట్టు ఆమెకేమీ అనిపించలేదు. బ్యాంకుల్లో, ఇళ్లల్లో, క్రిస్టీ చంకలో ఉన్న డైరీలు అలాగే ఉంటాయి. సోమవారం యార్డు అలాగే ఉంటుంది. ఒక పడుచు పిల్ల పదిమంది ముందు కూర్చుని తన పేరు తానే కొట్టేసుకోవడం చూడటానికి అంత హాయైన పనేమీ కాదు.

కానీ చప్పుడు. పాళీ కాగితాన్ని గీరుతున్న చప్పుడు చెవుల్లోకి వస్తోంది. పాళీ కొస తిరగబడింది, ఉష దాన్ని తలకిందుగా పట్టుకుంది. జ్ఞానకుమారి ఓరగా చూసింది. సిరా స్కేలు కిందికి పాకి, తీయగానే మచ్చయి, మచ్చ పక్కకు జారి పేజీలో సగాన్ని నాశనం చేసింది. ఉష చీర కుచ్చెళ్ల మీద కూడా పడింది. ఆమె పెదవి కొరుక్కుని ఇంకొకటి తెరిచింది. అదీ అంతే.

"అక్కా, నా బండి నంబరు అది కాదక్కా" అన్నాడు కిటికీ అవతల గాళెప్ప. "తప్పు రాసినావు."

నిజమే. అంతకుముందు పంపిన లారీ నంబరే మళ్లీ రాసింది. ఆమె షీటు చింపేసి, "ఉండప్పా, ఒక నిమిషం" అని లేచింది.

గోడవార బల్ల దగ్గరికి పోయి నిలబడింది. ఉష తలెత్తి, ఏదో తిట్టు కోసం సిద్ధపడినట్టు చూసింది.

"స్కేలు తిరగేసి పెట్టండమ్మా. దాని అంచు కాగితానికి తగలకూడదు, తగిలితే సిరా కిందికి పీల్చుకుంటాది."

ఉష స్కేలు తిప్పింది.

"పాళీ వీపు పైకి ఉండల్ల. ఊఁ, అట్ల. ముంచినాక సీసా మూతికి ఒకసారి తాకించండి, మిగిలింది అందులోనే పడిపోతాది. మోచెయ్యి బల్ల మీద పెట్టండి. వేళ్లు లాగకూడదు, చెయ్యి మొత్తం పోవల్ల."

చెబితే చేతికి రాలేదు. జ్ఞానకుమారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకుంది. మెత్తటి మణికట్టు, గాజుల కింద చల్లగా ఉంది. రెండు చేతులూ కలిసి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిగాయి. వాలుకోసిన పాళీ వెంట నల్లటి పట్టీ పరుచుకుంటూ పోయింది. మొదట 'శ్రీమతి' మునిగింది, తర్వాత పేరు.

"ఇప్పుడు మీరొక్కరే కొట్టండి."

ఉష కొత్త డైరీ తెరిచింది. ఊపిరి బిగబట్టింది. గీత మొదలైంది, మధ్యలో వణకబోయి నిలదొక్కుకుంది, చివరిదాకా పోయి ఆగింది. రెండంచులూ పదునుగా, తిన్నగా, ఎక్కడా మచ్చ లేకుండా.

"వచ్చిందండీ!" అంది ఆమె గట్టిగా. ఆఫీసంతా తల తిప్పి చూసింది. ఆ గీత కింద ఏం పోయిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నాలుక కరుచుకుని నవ్వింది. జ్ఞానకుమారికి కూడా నవ్వు వచ్చింది. వారం రోజులుగా అది ఎక్కడ దాక్కుని ఉందో ఆమెకే తెలియదు.

ఉష గీతను వేలితో తాకబోయి, తడి అని ఆగి, మెల్లగా అడిగింది.

"ఆదివారాలు మీకు ఖాళీ ఉంటుందాండీ? అక్షరాలు కూడా నేర్పుతారా?"

జ్ఞానకుమారి బల్ల మీద ఇంకా తెరవని డైరీల దొంతర వైపు చూసింది, ఉష చేతిలో పాళీ మళ్లీ వాలు తప్పుతుంటే వేలితో సరిచేసింది.

"ముందు ఇవన్నీ కొట్టెయ్యండి" అంది. "చెయ్యి కుదిరితే చూద్దాం."

కిటికీ అవతల గాళెప్ప ఊచల మీద తాళంచెవితో కొట్టాడు.

"వస్తాండా అప్పా, వస్తాండా" అంటూ ఆమె మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, తన కుర్చీకి పోయింది.